లైఫ్ ట్యాక్సు కట్టాక మళ్లీ టోల్ ఎందుకు?

ప్రశ్న:
హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లేలోగా పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర మూడుసార్లు ఫాస్టాగ్‌ నుంచి డబ్బు పోయింది. కారు కొన్నప్పుడు లైఫ్ ట్యాక్సు కట్టాను, పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ రోడ్డు సెస్సు కడుతూనే ఉన్నాను. మహారాష్ట్రలో 2024 అక్టోబరులో, శాసనసభ ఎన్నికల ముంగిట, ముంబయిలోకి వచ్చే అయిదు దారుల్లో కార్లకు టోల్ ఎత్తివేశారు కదా, మనమూ అలా అడగడంలో తప్పేముంది?

మొదటి జవాబు:
అయ్యా, లైఫ్ ట్యాక్సు రాష్ట్ర ఖజానాకూ, సెస్సు కేంద్రానికీ వెళతాయి; టోల్ మాత్రం ఫలానా రోడ్డు వాడుకున్నందుకు 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నియమాల ప్రకారం వసూలు చేసే రుసుము. కాబట్టి మూడూ ఒకటే అనడం సరికాదు. అయితే ఆ నియమాల్లోనే, రోడ్డు వేయడానికి అయిన పెట్టుబడి తిరిగి వచ్చాక రుసుము 40 శాతానికి తగ్గాలని ఉండేది. 2023లో దాన్ని సవరించి ఆ తగ్గింపు తీసేశారు. నిలదీయవలసింది అక్కడ, కానీ దాని మీద సభలు పెట్టిన పార్టీ నాకైతే కనబడలేదు.

రెండో జవాబు:
మాకు రెండు లారీలున్నాయి కనుక ఈ మాట చెబుతున్నాను. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చినప్పుడు మూడు వేల రూపాయలకు రెండు వందల ట్రిప్పులు ఇచ్చారు, ఒక్కో గేటు దాటితే ఒక ట్రిప్పు, అంటే అప్పటి ధరలో మీకు గేటుకు 15 రూపాయలు, విజయవాడకు 45 పడేది. ఆ పాసు సొంత కార్లకే గాని లారీలకు లేదు. ముంబయిలోనూ బరువు వాహనాలకు వసూలు ఆగలేదు. మేము కట్టిన టోల్ కిరాయిలో, కిరాయి కూరగాయల ధరలో కలుస్తుంది. ఓటు లెక్కలో కారున్నవారు కనబడినట్టు కూరగాయలు కొనేవారు కనబడరు.

మూడో జవాబు:
టోల్ పూర్తిగా ఎత్తివేయడం కంటే, రోడ్డు బాగులేనంతకాలం వసూలు ఆపించే కేరళ దారి మెరుగని నా అభిప్రాయం. పాలియెక్కర టోల్‌గేటు ఉన్న రహదారి పనులతో గంటలకొద్దీ స్తంభిస్తుంటే, 2025 ఆగస్టులో అక్కడి హైకోర్టు వసూలు ఆపించింది, సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వును కాదనలేదు. అక్టోబరులో వసూలు మళ్లీ మొదలైంది.

ప్రశ్న అడిగినవారు:
లారీల వారి మాట చదివాక మా అమ్మగారి బస్సు టికెట్టు తీసి చూశాను. ఛార్జీ కింద టోల్ రుసుము అని విడిగా వేసి ఉంది, ఆవిడకు కారు లేదు.