మాడ్యూల్ 87 శాతం దగ్గర ఆగిపోయింది, పరీక్ష తెరుచుకోవట్లేదు

ఆకివీడు నుంచి ప్రశ్న:
నమస్కారమండి. రొయ్యల చెరువు నీటి యాజమాన్యం మీద ఆన్‌లైన్ కోర్సు, ఫోన్లో చేస్తున్నాం. మొత్తం 30 స్క్రీన్లు. చివరిదాకా వెళ్లినా 87 శాతమే చూపిస్తోంది. ఆఖరి పరీక్షకి తాళం బొమ్మ అలాగే ఉంది. మళ్లీ మొదట్నుంచి చెయ్యాలా?

భీమవరం నుంచి:
వద్దండి, మొదట్నుంచి అక్కర్లేదు. 30లో 87 శాతమంటే 26 స్క్రీన్లకి టిక్ పడింది, నాలుగు బాకీ. ఆ నాలుగూ ఎక్కడున్నాయో పట్టుకోవాలి. పైన మూడు గీతల గుర్తు నొక్కితే పాఠాల పట్టీ వస్తుంది. టిక్ లేకుండా ఖాళీ గుండ్రమో, సగం నిండిన గుండ్రమో ఉన్నవే మీ బాకీలు. పేరు మీద నొక్కితే నేరుగా అక్కడికే వెళ్తారు.

ఈ మాడ్యూళ్లు మీరు చదివారా లేదా చూడవండి, అన్నీ తెరిచారా లేదా అన్నదే చూస్తాయి. చెరువు బొమ్మ వచ్చిందనుకోండి, ఏరియేటరు (నీటికి గాలి పట్టించే యంత్రం) మీద, చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) మీద, తూము దగ్గర, గట్టు మీద చుక్కలు మెరుస్తుంటాయి. ఒక్కటి వదిలినా టిక్ పడదు. నొక్కిన చుక్క రంగు మారుతుంది, మారనిది వెతకండి. కొన్నిట్లో చుక్క నొక్కగానే వచ్చిన పెట్టెను మూలనున్న ఇంటూ గుర్తుతో మూస్తేనే లెక్కలోకి వస్తుంది. పక్కన ఖాళీలో తాకి మూసేస్తే రాదు.

వీడియోలకి ఇంకో తిరకాసు. చివర్లో ‘ధన్యవాదాలు’ కనపడగానే ముందుకెళ్లిపోతారు. ఆ ఆఖరి నాలుగైదు సెకన్లు కూడా ఆడాలి.

ఆకివీడు:
ఆయ్, మూడు దొరికాయండి. ఇప్పుడు 97. డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, గ్రాఫు ఉన్న స్క్రీన్ ఒక్కటే సగం గుండ్రం దగ్గర ఉండిపోయింది. కింద గుండీని జరుపుతూనే ఉన్నాం.

పాలకొల్లు నుంచి:
ఆ గుండీని ఎక్కడిదాకా జరిపారు? అలాంటి గ్రాఫు సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా ఉంటుంది. ఫోను నిలువుగా పట్టుకుంటే గీత కుడి చివర స్క్రీను బయటికి పోతుంది. మీరు ఏ 3 గంటల దగ్గరో ఆగి, అదే చివరనుకుంటారు. ఆటో రొటేట్ వేసి ఫోను అడ్డంగా తిప్పండి. అప్పటికీ కనపడకపోతే క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి ‘డెస్క్‌టాప్ సైట్’ పెట్టండి. అక్షరాలు చిన్నవవుతాయి గానీ గీత మొత్తం కనపడుతుంది. గుండీని వేలితో పట్టుకుని, వదలకుండా, నెమ్మదిగా చివరిదాకా లాగండి. విసురుగా లాగితే మధ్యలో ఆగాల్సిన గంటలు కొన్నిట్లో నమోదు కావు.

అన్నట్టు ఆ గ్రాఫులో అసలు చూడాల్సిందే ఆ కుడి చివర. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, ఎండ లేదు కాబట్టి తయారు చెయ్యదు. అందుకే తెల్లవారుజామున డీవో అడుగంటుతుంది. పరీక్షలో ఏరియేటర్లు ఎప్పుడు తిప్పాలని అడిగితే జవాబు అక్కడుంది.

అమలాపురం నుంచి:
టిక్‌లు పడ్డాక అవి పోకుండా చూసుకోవడం ఇంకో పని. లంకల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కదా. నెట్ పోయినా తెరిచి ఉన్న పేజీలో టిక్ పడుతూనే ఉంటుంది, కానీ సర్వర్‌కి చేరదు. అలాంటప్పుడు పేజీ మూసెయ్యకండి. నెట్ వచ్చాక ఒక స్క్రీను ముందుకి, ఒకటి వెనక్కి వెళ్లి, లోపలున్న ‘ఎగ్జిట్’ బటన్‌తో బయటికి రండి. ఫోన్లో బ్యాక్ కొట్టి రావద్దు.

ఒకే కోర్సు రెండు ట్యాబుల్లో తెరవకండి. పాత ట్యాబు చివర్లో మూస్తే దాని పాత లెక్క వచ్చి కొత్తదాని మీద కూర్చుంటుంది. మెసేజీ యాప్ లోపల లింకు తెరవడం కూడా వద్దు, కాపీ చేసి క్రోమ్‌లో వెయ్యండి. అసలు మాడ్యూలే తెరుచుకోకపోతే సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్‌లో ఆ సైటుకి అనుమతి ఇవ్వండి. మళ్లీ తెరిచినప్పుడు ‘ఆపిన చోటి నుంచి కొనసాగించాలా’ అని అడుగుతుంది. అవును అనండి. కాదంటే కొన్నిట్లో టిక్‌లన్నీ చెరిగిపోతాయి.

లాగిన్ అడగని మాడ్యూల్ అయితే లెక్కంతా మీ బ్రౌజర్‌లోనే ఉంటుంది. హిస్టరీతో పాటు సైట్ డేటా క్లియర్ చేశారో, అంతే సంగతులు.

భీమవరం:
అన్నీ సరిగ్గా చేసినా ఆపిన చోటు గుర్తుండకపోతే తప్పు మీది కాకపోవచ్చు. ఆన్‌లైన్ పాఠం మీ లెక్కని సైటుకి పంపే పద్ధతిని స్కార్మ్ అంటారు. అందులో 1.2 రకంలో చేసినవాటికి ఆ గుర్తు దాచుకోడానికి 4,096 అక్షరాల చోటే ఉంటుంది. చుక్కలూ గుండీలూ ఎక్కువున్న పెద్ద పాఠానికి అది చాలదు. స్కార్మ్ 2004 మూడో ఎడిషన్‌లో 64,000కి పెంచారు. కోర్సు పెట్టినవాళ్లకి ఈ మాట చెప్పి, పాఠాన్ని ముక్కలు చెయ్యమనండి. ఈలోగా ఒకే విడతలో కూర్చుని పూర్తి చెయ్యడమే.

ఆకివీడు:
ఫోను అడ్డంగా తిప్పితే గుండీ 6 దాకా వెళ్లిందండి. 100 పడింది, పరీక్ష కూడా తెరుచుకుంది, రాసేశాం. సర్టిఫికెట్ మాత్రం రాలేదు.

పాలకొల్లు:
జవాబులిచ్చాక ‘సబ్మిట్’ నొక్కారు సరే, తర్వాత వచ్చే మార్కుల స్క్రీను కూడా తెరవాలండి. స్కోరు చాలావాటిలో అక్కడి నుంచే సర్వర్‌కి వెళ్తుంది. అది చూసి ఎగ్జిట్ అవ్వండి. సర్టిఫికెట్ మాడ్యూల్ లోపల ఉండదు, బయట కోర్సు పేజీలో ఉంటుంది. దాన్ని రీఫ్రెష్ చేసి, కింద అభిప్రాయ ఫారం ఏదైనా మిగిలిందేమో చూడండి.