నొప్పి లేని పుండు సవాయేనా? భార్యకూ పరీక్ష అవసరమా?

ప్రశ్న (కోనసీమ నుంచి):
గల్ఫ్ నుంచి వచ్చి రెండు నెలలైంది. మూడు వారాలుగా మర్మాంగంపై ఎర్రని పుండు ఉంది. నొప్పి లేదు గానీ లుంగీ రాసుకుంటే చాలు రక్తం వస్తోంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు వేడి చేసిందని పూతమందు ఇచ్చారు. గజ్జలో కాస్త వాపు చూసి మా అమ్మ బోదకాలేమోనని భయపడుతోంది. నా భార్యకు ఇప్పుడు ఐదో నెల. ఇది సవాయేనా? ఆమెకూ పరీక్ష చేయించాలా?

జవాబు 1 (విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ):
బోదకాలు పుండుతో మొదలు కాదండీ. సవాయి (సిఫిలిస్ అనే సుఖవ్యాధి) పుండుకూ నొప్పి ఉండదు. కానీ దాని అడుగు గట్టిగా ఉంటుంది, సాధారణంగా రక్తం కారదు. పచ్చి మాంసంలా ఎర్రగా ఉండి, తాకితే రక్తం వచ్చేది డోనోవనోసిస్ అనే మరో సుఖవ్యాధి కావచ్చు. ఆ పేరు 1905లో మద్రాసులో దాని సూక్ష్మజీవులను గుర్తించిన డాక్టర్ చార్లెస్ డోనోవన్ నుంచి వచ్చింది. మన కోస్తాకు అది కొత్త జబ్బేమీ కాదు. పుండు అంచు నుంచి గీకిన కణజాలాన్ని గాజు పలకపై అద్ది, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, పెద్ద కణాల లోపల పిన్నీసుల ఆకారంలో ఆ సూక్ష్మజీవులు కనిపిస్తాయి. పూతమందు రాసుకుని వెళ్తే మాకు ఏమీ దొరకదు, దయచేసి ఆపండి.

జవాబు 2 (కౌన్సెలర్, రాజమహేంద్రవరం):
పై మాట నిజమే అయినా, కంటితో చూసి తేల్చుకోవద్దు. రెండు జబ్బులూ కలిసే ఉండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో సిఫిలిస్, హెచ్‌ఐవీ రక్తపరీక్షలు ఉచితం. పుండు పుట్టిన తొలి రోజుల్లో సిఫిలిస్ ఉన్నా ఫలితం నెగెటివ్‌గా రావచ్చు కనుక, మళ్ళీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు తప్పక వెళ్ళండి. తొలి దశ సిఫిలిస్‌కు 24 లక్షల యూనిట్ల బెంజతిన్ పెన్సిలిన్ ఒకేసారి ఇస్తారు. డోనోవనోసిస్‌కు అజిత్రోమైసిన్ కనీసం మూడు వారాలు, పుండు పూర్తిగా మానేదాకా వాడాలి. సగంలో ఆపితే తిరగబెడుతుంది.

మీ భార్య పరీక్షను మాత్రం వాయిదా వేయకండి. సిఫిలిస్ కడుపులోని బిడ్డకు సోకితే గర్భస్రావం కావచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు. పెన్సిలిన్ గర్భిణులకు సురక్షితమే. సందేహాలుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
పూతమందు ఆపేశాను. రేపు ఇద్దరం వెళ్తున్నాం. ఆమెకు ఎలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

జవాబు 2:
ముందు మీరు కౌన్సెలర్‌ను ఒంటరిగా కలవండి. మీరు ఒప్పుకుంటే, ఆమెతో మాట్లాడేటప్పుడు వారూ పక్కన ఉంటారు.