‘=’ని తెలుగులో ఏమని చదవాలి?

అరసున్న:
పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకునేవాళ్ళకి తెలుగులో చెప్పేటప్పుడు ఆపరేటర్లని (+, = లాంటి గుర్తుల్ని) ఏమని చదివించాలి? +, - లతో పేచీ లేదు. తంటా అంతా = దగ్గరే. ‘లెక్క = లెక్క + 1’ని ‘లెక్క సమానం లెక్క ప్లస్ ఒకటి’ అని చదివితే, బడిలో సమీకరణాలు చేసిన పిల్ల ఎవరైనా ఇది తప్పండీ అంటుంది. ఆ పిల్లదే న్యాయం. ఇక ==ని ‘రెండు సమానాలు’ అంటున్నారు. అది గుర్తుల్ని లెక్కపెట్టడమే గాని చదవడం కాదు. ‘కేటాయింపు’, ‘ఆపాదన’ అన్న మాటలున్నాయి కానీ నోటికి ఆడటం లేదు. ఇళ్ళ స్థలాలు కేటాయిస్తారు, నేరాలు ఆపాదిస్తారు. మీరేమంటారు? ఉదాహరణల్లో పేర్లు తెలుగులోనే రాయండి, పైథాన్ 3 ఒప్పుకుంటుంది.

బండి ఱ:
తెలుగులో దీనికి మందు ఎప్పటినుంచో ఉంది: ప్రశ్నార్థక ‘ఆ’. ‘వచ్చాడు’ చివర దీర్ఘం తీస్తే ‘వచ్చాడా?’. == కూడా అంతే, ‘సమానమా?’ అని చదవండి. అది ప్రశ్న కాబట్టి జవాబు వస్తుంది: ట్రూ (నిజం), లేదంటే ఫాల్స్ (అబద్ధం). ఒంటి = మాత్రం ఆజ్ఞ, ‘పెట్టు’. ‘మార్కులులో 35 పెట్టు’. ఆజ్ఞకి జవాబుండదు, పని జరుగుతుంది.

పైథాన్ షెల్‌లో (ఒక్కో వరస కొట్టగానే ఫలితం చూపే చోట) పరీక్షించి చూడండి. మార్కులు = 35 అని కొడితే తెర మీద ఏమీ రాదు. మార్కులు == 35 అని కొడితే ట్రూ అని వస్తుంది.

1557లో గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్ ఈ రెండు గీతల్ని తెచ్చింది ‘రెండూ ఒకే పాటి’ అని చెప్పడానికే. 1957 నాటి ప్రోగ్రామింగ్ భాష ఫోర్‌ట్రాన్ దాన్నే ‘పెట్టు’కి వాడుకుంది. తరవాతి భాషలు ఆల్గాల్ 60, పాస్కల్ ‘పెట్టు’కి := రాసి, = గుర్తుని పోలికకే వదిలేశాయి. ఆ పద్ధతే నిలిచుంటే ఇవాళ ఈ ప్రశ్న పుట్టేది కాదు. సీ భాష = గుర్తుని ‘పెట్టు’కి తీసుకుని, పోలికకి == ఇచ్చింది. అక్కడే ప్రమాదం కూడా ఉంది. సీలో ఇఫ్ (మార్కులు = 35) అని, అంటే పోలికకి బదులు ఒంటి =తో షరతు, రాసినా కంపైల్ అవుతుంది, తప్పని ఆపదు. విలువ 35, సున్నా కాదు గనక షరతు ఎప్పుడూ నిజమే. పైగా అసలు మార్కులు చెరిగిపోయి 35 కూర్చుంటుంది. పైథాన్ దీన్ని సింటాక్స్ ఎర్రర్ (రాత తప్పు) అని ఆపేస్తుంది.

విసర్గ:
బండి ఱ గారూ, ‘సమానమా?’ బాగుంది. ‘లో పెట్టు’తోనే నాకు పేచీ. సీలో చరరాశి అంటే డబ్బా, అందులో విలువ పెడతాం, సరిపోతుంది. పైథాన్‌లో అది డబ్బా కాదు, పేరు చీటీ. ఇది చూడండి:

అ = [1, 2]
ఆ = అ
ఆ += [3]

చదరపు బ్రాకెట్లలో ఉన్నది జాబితా, దాని దగ్గర += అంటే ‘ఉన్నదానికే చేర్చు’. ఇప్పుడు అ ఎంత? డబ్బా అనుకున్నవాళ్ళు [1, 2] అంటారు. వచ్చేది [1, 2, 3]. జాబితా ఒక్కటే, దానికి రెండు పేర్లున్నాయి. మూడో వరసలో ఆ = ఆ + [3] అని రాసి ఉంటే అ మారేది కాదు. అక్కడ + కొత్త జాబితా తయారుచేస్తుంది, ‘ఆ’ అన్న చీటీ దాని మీదకి వెళ్తుంది. ఈ రెండు రాతలూ ఒకటేనని పాఠాల్లో చెప్పేస్తుంటారు. అంకెల దగ్గర తేడా కనబడదు, జాబితాల దగ్గర కొంప ముంచుతుంది.

బండి ఱ:
ఒప్పుకున్నాను. అయినా ‘పెట్టు’ని వదలక్కర్లేదు, ‘పేరు పెట్టు’ అందాం. ‘35కి మార్కులు అని పేరు పెట్టు’. ఇందులో ఇంకో లాభం ఉంది. పైథాన్ ముందు కుడివైపు లెక్క తేల్చి, తరవాతే ఎడమవైపు పేరు చూస్తుంది. మన వాక్యంలోనూ విలువే ముందు. ‘లెక్క + 1 ఎంతో అంతకి మళ్ళీ లెక్క అనే పేరు పెట్టు’ అంటే ఏ పిల్లా తప్పనదు.

ఇదే వరసలో, రెండు పేర్లూ ఒకే వస్తువువా అని అడిగే ‘ఈజ్’ని ‘అదేనా?’ అని చదవొచ్చు. అ = [1, 2], ఆ = [1, 2] అని విడివిడిగా రాస్తే అ == ఆ ట్రూ, అ ఈజ్ ఆ ఫాల్స్. ఒకలాంటివే గాని ఒకటి కాదు.

గసడదవ:
పోలికల్లో మన వాడుక మాటే మోసం చేస్తుంది. ‘35 దాటితే పాస్’ అంటాం. ఆ మాట ప్రకారం మార్కులు > 35 అని రాస్తే సరిగ్గా 35 వచ్చిన పిల్ల ఫెయిల్. పదో తరగతిలో వందకి 35 చాలు కదా. కాబట్టి >=ని ‘తగ్గలేదా?’ అని, <=ని ‘మించలేదా?’ అని చదవమంటాను. మార్కులు >= 35 అంటే ‘మార్కులు 35కి తగ్గలేదా?’. ‘18 నిండిన’ అన్నా >= 18 అనే, ‘18 దాటిన’ అని రాసుకుంటే తప్పు. ‘వరకు’ ఇంకా తిరకాసు. వరసగా అంకెలిచ్చే రేంజ్(1, 10) పది దాకా వెళ్ళదు, 9తో ఆగుతుంది.

18 <= వయసు < 60 అన్నది పైథాన్‌లో మనం అనుకున్నట్టే పనిచేస్తుంది. సీలో ముందు 18 <= వయసు తేలి 1 గాని 0 గాని వస్తుంది. ఆ తరవాత దాన్ని 60తో పోలుస్తుంది. రెండూ 60 కన్నా చిన్నవే, కనక వయసు 90 అయినా నిజమే అంటుంది.

విసర్గ:
నన్నడిగితే అసలు చిక్కు షరతుల్ని కలిపే, తిప్పేసే మాటలు యాండ్, ఆర్, నాట్‌లది. ‘శనివారమో ఆదివారమో అయితే’ అంటాం, ‘అయితే’ ఒక్కసారే చాలు. అదే అలవాటుతో రోజు == 'శని' ఆర్ 'ఆది' అని రాస్తారు. పైథాన్‌లో == ముందు అతుక్కుంటుంది, కుడివైపు 'ఆది' ఒంటరిగా మిగులుతుంది. ఖాళీ కాని పదం ఏదైనా నిజం కిందే లెక్క. బుధవారం కూడా సెలవే! రోజు == 'శని' ఆర్ రోజు == 'ఆది' అని రెండుసార్లూ రాయాలి, లేకపోతే రోజు ఇన్ ('శని', 'ఆది'), అంటే ‘రోజు ఈ రెండిట్లో ఉందా?’ అనాలి.

తిరగేస్తే ఇంకో గోతిలో పడతాం. ‘శనివారం గాని ఆదివారం గాని కాకపోతే’ అన్న మాటలో ‘గాని’ వినబడి ఆర్ రాస్తారు: రోజు != 'శని' ఆర్ రోజు != 'ఆది' (!= అంటే సమానం కాదు). ఏ రోజైనా ఆ రెండిట్లో ఒకటైనా కాకుండా ఉంటుంది కాబట్టి ఇదీ ఎప్పుడూ నిజమే. అక్కడ కావలసింది యాండ్.

‘లేదా’ని ఆర్‌కి పెట్టుకోవద్దనడానికి కారణం ఉంది. మనకి కాదు వేరు, లేదు వేరు. !=కి ‘కాదు’ నప్పుతుంది, ‘నాట్ ఇన్’కి ‘లో లేదు’. ప్రశ్నగా మారిస్తే ‘జాబితాలో లేదా?’ అవుతుంది. అది ఆరో, నాట్ ఇన్నో విన్నవాళ్ళకి తెలీదు. ఆర్‌ని ‘ఏదో ఒకటైనా’ అంటే స్పష్టంగా ఉంటుంది, రెండూ నిజమైనా చెల్లుతుందని కూడా తెలుస్తుంది.

సున్న:
%ని శాతం అని చదివించకండి. బడి మాట ‘శేషం’ ఉండగా! 17 // 5 భాగఫలం 3, 17 % 5 శేషం 2. రుణ సంఖ్యలకి మాత్రం జాగ్రత్త. -7 // 2 పైథాన్‌లో -4, శేషం 1. సీలో భాగఫలం -3, శేషం -1. భాజ్యం = భాజకం × భాగఫలం + శేషం అన్న సూత్రం రెండుచోట్లా నిలుస్తుంది.

పదాల మధ్య + ‘కలుపు’ కాదు, ‘అతికించు’. 'రాముడు' + 'అతడు' అంటే 'రాముడుఅతడు' వస్తుంది. ఉత్వసంధి దానికి తెలీదు.

అరసున్న:
పేరు పెట్టు, సమానమా, తగ్గలేదా, శేషం... ఇవి రాసుకున్నాను. ఒక్క సందేహం. బస్‌పాస్ = 1 అని రాస్తే ఎర్రర్ వస్తోంది, = తప్పా?

సున్న:
= తప్పు కాదు. ‘స్’ తరవాత పొల్లు నిలబడటానికి కీబోర్డు ఒక కనబడని అక్షరం పెట్టింది, యూనికోడ్‌లో దాని నంబరు యు+200సి. పైథాన్ దాన్ని పేర్లలో ఒప్పుకోదు. బస్_పాస్ అని మధ్యలో అడుగు గీత పెట్టండి, పొల్లూ నిలుస్తుంది, ఎర్రరూ పోతుంది. తెలుగు అంకెలు కూడా అంతే, ౧౨ అని నేరుగా రాస్తే ఒప్పుకోదు. కానీ పదాన్ని అంకెగా మార్చే ఇంట్('౧౨') అంటే 12 ఇస్తుంది.