కప్పులా, పేరా: శిక్షకుణ్ణి దేనితో కొలవాలి?

బరంపురం నుంచి ప్రశ్న:
2023 ఏప్రిల్‌లో సూపర్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో ఒడిశా ఎఫ్‌సీ జట్టు 2-1తో బెంగళూరును ఓడించినప్పుడు శిక్షకుడు క్లిఫర్డ్ మిరాండా. అయినా మా ఊళ్లో ఎవరిని కదిపినా తర్వాత వచ్చిన సెర్హియో లొబేరా పేరే చెబుతున్నారు. ఇది న్యాయమేనా?

రాయగడ:
లొబేరా 2020-21లో ముంబై సిటీ జట్టుకు ఇండియన్ సూపర్ లీగ్‌లో షీల్డు (పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చేది), కప్పు (చివరి నాకౌట్ పోటీల విజేతకు ఇచ్చేది) రెండూ గెలిపించి వచ్చిన వ్యక్తి కనుక, ఇక్కడ ఒక్క మ్యాచ్ ఆడించకముందే ఆయనకు పేరుంది. మిరాండాకు అన్యాయం జరిగిందన్న మాట మాత్రం నిజం.

పర్లాకిమిడి:
భారత జట్టుకు శిక్షకుడిగా ఉన్న మన హైదరాబాదు రహీం గారిని మరిచిపోతే ఎలా? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు ఆయన హయాంలోనివే. 1962లో జకార్తాలో జరిగిన ఆ ఫైనల్లో, తలకు కుట్లు పడిన డిఫెండరు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడిస్తే, ఆయన గోలు కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం.

గుణుపురం:
ఆ కథ గొప్పదే కానీ, గాయంతో ఆడటాన్ని ఆదర్శం చేయకండి. సీజనుకు ముందు, రెండు నెలలు ఖాళీగా ఉన్న కాళ్లతో మొదటి రోజే పూర్తి వేగంతో పరుగెత్తించిన ఒక శిక్షకుని వల్ల నా తొడ వెనక కండరం చిట్లింది. గంచాలో (తువ్వాలులో) ఐసు ముక్కలు చుట్టి కట్టుకుని, గట్టు మీద కూర్చుని మిగతావాళ్ల ఆట చూశాను. ఆ ఏడాదంతా నన్ను ‘అద్దాల కాలు’ అన్నారు (ఇప్పటికీ అంటారు). పరుగు వేగాన్ని వారాల తరబడి పెంచే శిక్షకుడికి కప్పు రాకపోయినా నా ఓటు ఆయనకే.

బరంపురం:
అయితే మిరాండా సంగతి ఎవరూ తేల్చలేదు!