58 ఏళ్ల వడ్రంగికి ఇప్పుడు ట్రైనింగా?

రమణ_తెనాలి: మా నాన్న పీఎం విశ్వకర్మ ట్రైనింగ్‌కి వెళ్లొచ్చారు, అదే చేతివృత్తులవాళ్లకి కేంద్రం పెట్టిన స్కీము. నలభై ఏళ్లుగా చిత్రిక పడుతున్న మనిషిని కూర్చోబెట్టి ఉలి ఎలా పట్టుకోవాలో చెప్పారట. తలుపులు ఫ్యాక్టరీల నుంచి రెడీమేడ్‌గా దిగుతున్నాయి, ఇంకా ఎవరి కోసం నేర్చుకోవాలి? ఆ డబ్బేదో పెన్షన్లకి పెట్టొచ్చుగా.

పద్మ_టైలరింగ్: రమణ గారూ, పెద్దవాళ్లని రానిచ్చే స్కీములు ఎన్నున్నాయో చెప్పండి. పని నేర్పే కేంద్రం స్కీము కౌశల్ వికాస్ యోజన ఉంది, దాని షార్ట్ టర్మ్ కోర్సులు 45 దాటితే లేవు. విశ్వకర్మకి పై వయసు పరిమితి లేదు, కానీ ఇంటికి ఒక్కరికే. మా ఆయన సెలూన్ పేరు మీద తీసుకున్నారు, దాంతో కుట్టుపనికి నేను పెట్టుకున్న దరఖాస్తు పోయింది. దొరికినవాళ్లకి విలువ తెలీదు.

గోపి: రోజుకి 500 స్టైపెండ్ ఎవరికైనా పడిందా?

రమణ_తెనాలి: ఇంటికి ఒక్కరన్న రూలు నేను పెట్టానా? ఆంధ్రలో చేనేత, కల్లుగీత, మత్స్యకారులకి 50కే పెన్షన్, నెలకి 4,000. వడ్రంగి 60 దాకా ఆగాలి. వడ్రంగి మోకాళ్లు అరగవా?

సుబ్బారావు: రెండూ ఇవ్వొచ్చు. పోట్లాట దేనికి?

ఖలీల్: గోపీ, ఆధార్ లింకైన అకౌంట్ ఏదో చూసుకో తమ్ముడూ. ఆ బ్యాంకులో పడుంటుంది.

పద్మ_టైలరింగ్: పెన్షన్ ఇస్తే పని మానేస్తారా? మా వీధిలో పెన్షన్ తీసుకుంటూ మిషను తొక్కేవాళ్లున్నారు. ఎక్కడో కూర్చున్న కొడుకులు సలహాలు చెప్పడం తేలికే.

రమణ_తెనాలి: నోరు అదుపులో పెట్టుకోండి. నెలనెలా పంపిస్తున్నా, ఆయన ముట్టుకోరు! కిందటేడు పరంజా మీంచి పడ్డారు. అయినా పనే అంటారు. ఈ ట్రైనింగ్‌తో ఆ పిచ్చి ఇంకా ముదిరింది.

పద్మ_టైలరింగ్: అదీ సంగతి. ఆయన పని మానట్లేదని మీ కోపం.

రమణ_తెనాలి: అవును, మానాలనే అంటున్నా. ఆ వయసులో కూర్చుని తినకూడదా?

పద్మ_టైలరింగ్: ఆయన్ని అడిగారా?

రమణ_తెనాలి: అడిగా. ట్రైనింగ్ అయినవాళ్లకి లక్ష దాకా లోనట, 5 శాతం వడ్డీ. రంపం మిషన్ కొంటారట. హామీ సంతకం పెట్టనని చెప్పేశా.

పద్మ_టైలరింగ్: ఆ లోనుకి హామీ అక్కర్లేదండీ. తాకట్టూ లేదు.

రమణ_తెనాలి: అందుకేనా, పెట్టనంటే నవ్వి ఊరుకున్నారు.