ఈ వారం సమస్య: శవము నవ్వఁ జేసె శంకరుండు

నిర్వాహకుడు, వడపళని:

మిత్రులకు నమస్కారం. ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు రాసి పూరించాలి.

శవము నవ్వఁ జేసె శంకరుండు

వినగానే శివుడే గుర్తొస్తాడు. శ్మశానం ఆయన ఇల్లే కాబట్టి అలా పూరించినా తప్పులేదు. నా మనసులో ఉన్నది మాత్రం మన చందమామ శంకర్ గారు. అసలు పేరు కె.సి.శివశంకరన్. 1924లో ఈరోడ్ దగ్గరి పల్లెలో పుట్టారు, మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో చదివారు, 1950ల మొదట్లో చందమామలో చేరారు. భుజాన శవం, చేతిలో కత్తి, కాళ్ల కింద పుర్రెలు, నడిచిపోతున్న విక్రమార్కుడు. ఆ బొమ్మ ఆయనదే. మా చిన్నప్పుడు సూపర్‌హీరో అన్న మాట మా ఇళ్లలో లేదు. ఆ మాట అవసరమూ పడలేదు, మాకు విక్రమార్కుడు ఉన్నాడు.

ఆర్కాటు రోడ్డులో వెళ్లినప్పుడల్లా నాకు 'చందమామ బిల్డింగ్స్, వడపళని, మద్రాసు-26' అన్న చిరునామా నోట్లో ఆడుతుంది. మా అన్నయ్యా నేనూ దాన్ని పద్యంలా వల్లించేవాళ్లం. ఇప్పుడు ఆ చుట్టుపక్కల మాలూ మెట్రో స్టేషనూ వచ్చాయి. శంకర్ గారు 2020 సెప్టెంబరులో వెళ్లిపోయారు. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది, అందుకోవడానికి ఆయన లేరు. మన గుంపులో అందరూ ఆయన బొమ్మలు చూసి పెరిగినవాళ్లమే, ఆయన మీద ఒక్క పద్యమూ రాయలేదు. అందుకే ఈ సమస్య.

పెరంబూరు మాస్టారు:

భుజముపైన మోసి పోవు రాజునుఁ జూపి
కుంచె కొసను చీఁకటంచు దిద్ది
పసితనంపు రాత్రి భయమెల్లఁ బోకార్ప
శవము నవ్వఁ జేసె శంకరుండు

రెండో పాదంలో ప్రాసయతి వేశాను, కుంచె–టంచు: మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలిశాయి. మిగతావి మామూలు యతులే, పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు.

నిర్వాహకుడు:

మాస్టారూ, 'చీఁకటంచు దిద్ది' దగ్గర ఆగిపోయాను. శంకర్ గారి నలుపు ముద్దలా ఉండదు. చెట్టు ఊడల దగ్గర, రాజు వీపు దగ్గర, సన్నసన్న గీతలుగా మొదలై చిక్కబడుతుంది. చీకటికి అంచు ఉందని ఆ బొమ్మలు చూశాకే నాకు తెలిసింది. ఒక్క సందేహం. ఈ పద్యంలో శవం ఎందుకు నవ్వింది? పిల్లల భయం పోగొట్టడానికి నవ్వించాడన్నారు, బాగుంది. కానీ బొమ్మలో దాని తల వేలాడుతూ ఉంటుంది కదా, నవ్వెక్కడ?

పెరంబూరు మాస్టారు:

మంచి ప్రశ్న. దానికి బేతాళ కథల మూలంలోనే జవాబుంది. సోమదేవుడి కథాసరిత్సాగరంలో రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం. చెట్టు మీంచి శవాన్ని దించగానే అది పకపకా నవ్వుతుంది. రాజు జంకకుండా 'ఎందుకు నవ్వుతావు, పద పోదాం' అంటాడు. అనేసరికి మళ్లీ చెట్టెక్కుతుంది. మౌనం చెడితే శవం చేజారుతుందన్న నియమం అక్కడే మొదలైంది. అంటే ఈ కథకు పునాది ఆ నవ్వే. అయితే నా పద్యంలో ఆ సంగతి పలకలేదు, మీరన్నది నిజమే.

అన్నానగర్ బావగారు:

శివుడి వైపు నుంచి నాదొకటి.

కాశిలోనఁ బడిన కాయంపుఁ జెవిలోనఁ
దారకమ్ముఁ జెప్పి దరికిఁ జేర్చి
ముక్తిఁ గన్న మోము మొలకనవ్వులఁ దేల
శవము నవ్వఁ జేసె శంకరుండు

పెరంబూరు మాస్టారు:

బావగారూ, కొలత ప్రకారం ఇప్పటిదాకా వచ్చినవాటిలో ఇదే నిగ్గుతేలిన పూరణ. సమస్యలోని అసంగతం పూర్తిగా విడిపోయింది. కాశీలో పోయినవాడి చెవిలో శివుడు తారక మంత్రం చెప్పి ముక్తి ఇస్తాడన్న నమ్మకం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే కాబట్టి వివరణ అక్కర్లేదు. 'మొలకనవ్వు' మాట కుదిరింది. 'కాయంపుఁ జెవి' మాత్రం కాస్త బిగుసుకుంది. యతి కోసం కాయాన్ని తెచ్చారని తెలిసిపోతోంది.

నిర్వాహకుడు:

నాకూ నచ్చింది. ఇందులో మన శంకర్ గారు లేరే అని మాత్రం ఉంది. ఈ వారానికి ఆయన కావాలి నాకు.

మైలాపూరు అక్కయ్య:

తొంబదేండ్లు దాటి తోడైన కుంచెతో
గీఁత గీసినట్టి కీర్తిశాలి
చావు చేరలేని చందమామను వ్రాసి
శవము నవ్వఁ జేసె శంకరుండు

చందమామ ఆగిపోయాక కూడా ఆయన రామకృష్ణ మఠం వారి తమిళ పత్రికకు బొమ్మలు వేస్తూనే ఉన్నారు. తొంభై దాటిన చెయ్యి! అది తలుచుకుని రాశాను.

పెరంబూరు మాస్టారు:

అమ్మా, 'చావు చేరలేని చందమామ' గొప్ప ఎత్తుగడ. ఆకాశంలోదీ, చేతిలోదీ రెండూ అందులో వచ్చాయి. రెండో పాదం చివర 'కీర్తిశాలి' మాత్రం పొల్లు. ఏ సన్మానపత్రంలోనైనా అతికే మాట అది, ఈయనకే చెందిన మాట కాదు. ఆయన కీర్తి అంతా గీతలోనే ఉంది. కాబట్టి ఇలా మార్చి చూడండి:

గీఁతలోనె యుంచెఁ గీర్తినంత

గణాలు సరిపోయాయి, గీ–గీ యతి నిలిచింది. సంతకం ఎంత చిన్నగా పెట్టేవారో అదీ ధ్వనిస్తుంది.

మైలాపూరు అక్కయ్య:

తీసుకున్నాను మాస్టారూ. ఇంకో మాట చెప్పనివ్వండి. మెరీనాలో నలుగురు మనుషులు బండరాయిని పెకలిస్తున్న శ్రామిక విజయం విగ్రహం ఉంది కదా, 1959లో పెట్టినది. దాన్ని చెక్కిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి గారే శంకర్ గారు చదివినప్పుడు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు ఆ మనుషుల భుజాలు చూస్తాను. బరువు కండలోకి దిగి, అక్కడి నుంచి నడుములోకి, పాదంలోకి ఎలా పోతుందో చూస్తాను. ఇంటికొచ్చి విక్రమార్కుడి బొమ్మ తీస్తే అదే బరువు. శవం తేలిగ్గా ఉన్నట్టు ఆయన ఎప్పుడూ వెయ్యలేదు. మోసేవాడి మెడ కొంచెం పక్కకు ఒరుగుతుంది. చిన్నప్పుడు మనకు తెలియకుండానే నమ్మింది ఆ మెడనే అనుకుంటాను.

నిర్వాహకుడు:

అక్కయ్యా, ఇన్నేళ్లు ఆ బొమ్మ చూసి కూడా నేను మెడ చూడలేదు. ఇప్పుడే వెళ్లి మళ్లీ చూశాను. ఒరిగి ఉంది.

పల్లావరం అన్నయ్య:

నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగి తర్వాత ఇక్కడికొచ్చినవాణ్ని. మాకు అక్కడ చందమామతో పాటు ఇంద్రజాల్ కామిక్స్ హిందీలో దొరికేవి. 1964లో మొదలైన పుస్తకాలవి. అందులో ముసుగు వేసుకున్న అడవి వీరుడు ఫాంటమ్‌కి హిందీలో పెట్టిన పేరు ఏమిటో తెలుసా? వేతాల్! లీ ఫాక్ 1936లో సృష్టించిన వీరుడు. మేం చదివిన నాటికి ఆ బొమ్మలు వేస్తున్నది సై బ్యారీ, 1961 నుంచి ఆయనే. ఆ గుర్రం, ఆ పుర్రె ఉంగరం నాకిప్పటికీ ఇష్టమే, కాదనను. కానీ ఒక వేతాళుడు గుర్రమెక్కి కొడతాడు, ఇంకో బేతాళుడు భుజమెక్కి కథ చెబుతాడు. రెండోవాడి దగ్గరే నేను ఆగిపోయాను.

ముసుఁగువీరుఁ డొకఁడు మురిపించె మముఁ గాని
మౌనవీరుఁ డొకఁడె మనసు దోఁచె
కత్తి చేతఁ బట్టి కదలు విక్రముపైన
శవము నవ్వఁ జేసె శంకరుండు

పెరంబూరు మాస్టారు:

సమస్య మొత్తం మూడో పాదం చివరి మాటతో విడిపోయింది. 'విక్రముపైన' అనగానే శవం ఎక్కడుందో, ఏ శంకరుడో, ఎందుకు నవ్విందో అన్నీ తేలిపోయాయి. నా పూరణలో లేనిది ఇదే. ముసుగువీరుడు, మౌనవీరుడు ఎదురెదురుగా నిలబడడం ముచ్చటగా ఉంది. మౌ–మ యతి చెల్లుతుంది, ఔకారానికి అకారంతో మైత్రి ఉంది. 'విక్రము' అని కుదించడం ఒప్పుకోవచ్చు. కత్తి చేతిలో ఉన్నా దాన్ని ఆయన ఎవరిమీదా ఎత్తడు, కథంతా అయ్యేది జవాబుతోనే. ఇంకో పద్యంలో ఆ మాట కూడా రావాలి అన్నయ్యా, మీరే రాయాలి.

విల్లివాక్కం తమ్ముడు:

పెద్దలందరికీ నమస్కారం. ఛందస్సు నేర్చుకుంటున్నాను. ఇది నా మూడో పద్యం.

చందమామ తెచ్చు సాయంత్రవేళలో
నాన్న చేయి లాగి నవ్వినాము
బొమ్మ చూడగానె కనులు పెద్దవి కాఁగ
శవము నవ్వఁ జేసె శంకరుండు

పెరంబూరు మాస్టారు:

తమ్ముడూ, గణాలన్నీ సరిగ్గా పడ్డాయి, మూడో పద్యానికే ఇంత పట్టు రావడం సంతోషం. మొదటి పాదంలో చం–సా యతి చక్కగా వేశావు, చ-వర్గానికి స-కారంతో చెల్లుతుంది. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది. బొ దగ్గర మొదలుపెట్టి నాలుగో గణం క-తో ఎత్తావు. ప్రాసయతీ లేదు. భావం వదలకుండా ఇలా చెయ్యొచ్చు:

బొమ్మఁ జూడఁగానె పూలయ్యెఁ గన్నులు

బొ–పూ యతి. కళ్లు పెద్దవి కావడమే, పూలు విచ్చినట్టు.

మైలాపూరు అక్కయ్య:

నాదొక ప్రశ్న నాన్నా. నాన్నగారి చెయ్యి ఎందుకు లాగారు? రెండో పాదం చదివితే ఏదో జరిగినట్టుంది, మాకు చెప్పలేదు. నవ్వడం కూడా ముందే అయిపోయింది. చివరి పాదంలో శవం నవ్వాలంటే మీరు అంతకుముందు నవ్వకూడదు.

విల్లివాక్కం తమ్ముడు:

నిజమేనండి. మా నాన్న కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. జీతం రోజున చందమామ తెచ్చేవారు. ఒకసారి షిఫ్టు దిగాక పెద్ద వాన. గొడుగు లేదు. పుస్తకాన్ని చొక్కా లోపల, ఛాతీకి ఆనించి దాచుకుని వచ్చారు. ఆయన తలంతా, ప్యాంటంతా నీళ్లు కారుతున్నాయి, పుస్తకం మాత్రం వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం నాకు బాగా గుర్తు. మా చెల్లీ నేనూ చెయ్యి పట్టి లాగింది దానికోసం. తుడుచుకోనివ్వలేదు కూడా.

నిర్వాహకుడు:

అదే రాయాలి తమ్ముడూ. ఆ సంచిక ఉందా?

విల్లివాక్కం తమ్ముడు:

అట్ట పోయింది. బేతాళ కథ ఉన్న కాగితం ఒక్కటే ఉంది. పైమూల నాన్న బొటనవేలి గ్రీజు మచ్చ, రాజు కత్తి మొన దగ్గర. చెల్లి దాన్ని చంద్రుడు అనేది, చాలా రోజులు అది శంకర్ గారే వేశారనుకుంది.

పెరంబూరు మాస్టారు:

తొందర లేదు. రేపు రాయి, ఎల్లుండి రాయి. మూడో పాదం నీదే, వాడుకో.

విల్లివాక్కం తమ్ముడు:

రాత్రి నిద్ర పట్టలేదండి. ఇదిగో.

వానఁ దడవకుండ వక్షమ్ముపైఁ దాఁచి
నాన్న తెచ్చినట్టి నాఁటి కథల
బొమ్మఁ జూడఁగానె పూలయ్యెఁ గన్నులు
శవము నవ్వఁ జేసె శంకరుండు