జిగురు పెట్టకముందే పడవ మెలి తిరిగింది: సరిచేయడం ఎలా?

ప్రశ్న (ఇంగ్లాండులో పడవల నిర్మాణం నేర్చుకుంటున్న విద్యార్థి)

అందరికీ నమస్కారం. ఇంగ్లాండు దక్షిణ తీరంలో చెక్క పడవల నిర్మాణం నేర్చుకుంటున్నాను. చదువులో భాగంగా ప్రతి విద్యార్థీ ఒక చిన్న తెరచాప పడవ కట్టాలి. నేను మిర్రర్ డింగీ ఎంచుకున్నాను. తెలియనివారి కోసం రెండు మాటలు. ఇంట్లో మామూలు పనిముట్లతో ఎవరైనా కట్టుకోగలగాలని 1962లో పడవల రూపకర్త జాక్ హోల్ట్, ఇంటి పనులు నేర్పే టీవీ వ్యాఖ్యాత బ్యారీ బక్‌నెల్ కలిసి తయారుచేసిన పడవ ఇది. డెయిలీ మిర్రర్ పత్రిక ప్రోత్సహించింది కాబట్టి ఆ పేరు వచ్చింది. తెరచాపలు ఎర్రగా ఉంటాయి. పొడవు 3.3 మీటర్లు. ముక్కు కోసుగా ఉండదు, వెనక భాగంలాగే అక్కడ కూడా ఒక అడ్డపలక ఉంటుంది. ప్లైవుడ్ పలకల అంచుల వెంట రంధ్రాలు వేసి రాగి తీగతో కుడతారు. ఆ తర్వాత కీళ్ల మీద రెసిన్, ఫైబర్‌గ్లాస్ టేపు వేసి అతికిస్తారు.

నా పడవకు కుట్టడం అయిపోయింది, ఇంకా జిగురు పెట్టలేదు. ముందు అడ్డపలక మధ్య నుంచి వెనక రెండు మూలలకు కొలిస్తే రెండు కొలతలూ సమానంగా వచ్చాయి. కానీ వెనక నిలబడి చూస్తే ముందు భాగం కుడివైపు లేచినట్టు కనిపిస్తోంది. రసమట్టం పెట్టాను. వెనక అడ్డపలక సమంగా ఉంది, ముందుదాని కుడి మూల మాత్రం 18 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. కొలతలు సరిపోయినప్పుడు ఈ తేడా ఎలా వచ్చింది? జిగురు పెట్టి బిగించాక సర్దుకుంటుందా? ఇంకొక సంగతి, మా షెడ్డులో ఉదయంపూట 8 డిగ్రీలే ఉంటోంది. ఎపాక్సీ (రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి వాడే జిగురు) పెట్టవచ్చా?

జవాబు (విశాఖపట్నం నుంచి)

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఎపాక్సీ డబ్బా మూత ఇప్పుడే తీయవద్దు. జిగురు పెట్టాక ఆ తేడా సర్దుకోదు, అలాగే బిగుసుకుపోతుంది. టేపులు వేసి, గాలి అరల అడ్డగోడలు అతికించాక పడవ మూసిన పెట్టెలా గట్టిపడుతుంది. అప్పుడు నలుగురు పట్టి వంచినా కదలదు. తీగలతో మాత్రమే నిలిచి ఉన్న ఈ దశలో అయితే ఒక చేత్తో సరిచేయవచ్చు. ఈ పద్ధతిలో కట్టే పడవలకు ఇంత మేలైన దశ మరొకటి లేదు. నీ కంటికి తేడా ఇప్పుడే తగలడం మంచిదైంది.

మూల కొలతలు సమానంగా ఉన్నాయంటే పడవ పక్కకు ఒరగలేదని మాత్రమే అర్థం. నీ పడవది ఒరగడం కాదు, మెలి. ఎగుడుదిగుడు నేల మీద వేసిన నులక మంచం సంగతి గుర్తుచేసుకో. పట్టెల కొలతలన్నీ సరిగానే ఉంటాయి, అయినా ఒక కోడు నేలకు ఆనదు. ముందు భాగం వెనక భాగంతో పోలిస్తే మధ్యగీత చుట్టూ కొద్దిగా తిరిగినప్పుడు, రెండు మూల కొలతలూ ఒకే విధంగా మారతాయి. అందుకే టేపు పట్టి కొలిస్తే మెలి దొరకదు.

దొరకాలంటే రెండు సూటి కర్రలు కావాలి. ఒకే పొడవు, ఒకే మందం ఉండాలి, ఒక్కోటి మీటరున్నరకు తగ్గకూడదు. ఒకటి ముందు అడ్డపలక పైఅంచు మీద, రెండోది వెనకదాని మీద అడ్డంగా పెట్టి, పడవ వెనక కొంత దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, దగ్గరి కర్ర పైఅంచు మీదుగా దూరపు కర్రను చూడు. రెండు అంచులు ఒక చివర కలిసి మరో చివర విడిపోతే అదే మెలి. ముందు అడ్డపలక వెనకదానికంటే ఇరుకైనది కాబట్టి అక్కడ 18 మిల్లీమీటర్లంటే తక్కువ కోణమేమీ కాదు. పొడవైన కర్ర ఆ తేడాను పెద్దదిగా చేసి చూపిస్తుంది. సరిచేస్తూ పోతున్నప్పుడు అదే నీకు సాయం.

ఇక కారణం. నేను ముందుగా అనుమానించేది పడవ కింద ఉన్న ఆధారాలను. షెడ్డు నేల వాలుగా ఉన్నా, పడవను నిలిపే రెండు గుర్రాల్లో (చెక్క స్టాండ్లలో) ఒకటి వంకరగా ఉన్నా, కుట్టిన పడవ గుడ్డలా ఆ ఆకారమే తీసుకుంటుంది. ముందు గుర్రాలను రసమట్టంతో సరిచేసి, వాటి కాళ్లను నేలకు కదలకుండా బిగించు. చాలాసార్లు సగం మెలి అక్కడే పోతుంది. తర్వాత తీగలు. ఒక పక్క అంతా పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళితే మొదటి పక్క రెండోదాన్ని లాగేస్తుంది. అన్నీ వదులుగా కుట్టి, మధ్య నుంచి చివరలకు, కుడి ఎడమలు మార్చుకుంటూ కొద్దికొద్దిగా బిగించాలి. మూడోది పలకలే. కుడి పలకను, ఎడమ పలకను ఒకదాని మీద ఒకటి పెట్టి చూశావా? అంచులు ఎక్కడైనా తేడాగా ఉంటే రెండింటినీ కలిపి క్లాంపు వేసి, ఒకేసారి చిత్రిక పట్టి సమం చేయాలి. కుట్లు విప్పాల్సి వచ్చినా సరే, ఈ పని దాటవేయవద్దు.

ఇవన్నీ చూశాక కూడా మెలి మిగిలితే ముందు మూలల్లో తీగలను కొంచెం వదులు చెయ్యి. తక్కువగా ఉన్న ఎడమ మూల కింద చీలిక చెక్క పెట్టి ఎత్తు, ఎత్తుగా ఉన్న కుడి మూల మీద ఇసుక సంచి పెట్టు. కర్రలు రెండూ ఒకే గీతలోకి వచ్చాక తీగలు మళ్లీ బిగించు. ఒక రాత్రి అలాగే వదిలేసి మర్నాడు చూడు.

ఆ తర్వాత కూడా వెంటనే టేపు వేయకూడదు. సిలికా పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీని తీగకూ తీగకూ మధ్య చిన్న చిన్న ముద్దలుగా మాత్రమే పెట్టు. అవి గట్టిపడ్డాక కర్రలతో మళ్లీ చూడు. అప్పటికీ తేడా కనిపిస్తే నాలుగు ముద్దలు ఉలితో ఎగరగొడితే సరి. టేపు వేశాక ఆ అవకాశం ఉండదు.

జవాబు (కాకినాడ దగ్గర తాళ్లరేవు నుంచి)

బాబూ, మా కోరంగి, తాళ్లరేవు వైపు చెక్క ఓడలూ పడవలూ కట్టడం తరాల నాటి వృత్తి. మా పద్ధతి వేరు. అడుగు దూలం వేసి, పలకలు బిగించి, సందుల్లో దూది కుక్కుతాం. ప్లైవుడ్, తీగలు మాకు కొత్త. అయితే సూటి చూసే పద్ధతిలో మాత్రం తేడా లేదు.

ముందు అడ్డపలక నడిమి గుర్తు నుంచి వెనక అడ్డపలక నడిమి గుర్తుకు సన్నని దారం బిగించి కట్టండి. ఆ దారం నుంచి మూడు నాలుగు చోట్ల తూకపు గుండు దించండి. గుండు మొన ప్రతిచోటా అడుగు పలకలు కలిసే కీలు మీదే పడాలి. పడకపోతే ఎక్కడ తప్పుతోందో అక్కడే లోపం ఉంది. పై జవాబులో చెప్పిన కర్రలు మెలి ఉందని చెబుతాయి, ఈ దారం అది ఎక్కడ మొదలైందో చెబుతుంది.

తెరచాప పడవకు ఇది ఎందుకు ముఖ్యమో కూడా చెబుతాను. తెరచాప కొయ్య, నీళ్లలోకి దించే పలక, చుక్కాని, ఈ మూడూ వెనక నుంచి చూస్తే ఒకే నిలువు గీతలో ఉండాలి. కొయ్య ఒక పక్కకు, చుక్కాని మరో పక్కకు వాలితే, గాలి ఎడమ నుంచి వీచినప్పుడు ఒకలా, కుడి నుంచి వీచినప్పుడు మరోలా నడుస్తుంది. తెడ్డు పడవకు చిన్న మెలి ఉన్నా ఎవరికీ తెలియదు. తెరచాప పడవ నడిపేవాడి చేతికి మాత్రం తెలిసిపోతుంది.

విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు అన్నయ్య గారూ, పెద్దాయన గారూ. గుర్రాల్లో ముందుదే వాలుగా ఉంది. దాన్ని సరిచేసి తీగలు వదులు చేశాక ముందు మూలల మధ్య తేడా 3 మిల్లీమీటర్లకు తగ్గింది. దారం పెట్టి చూస్తే గుండు ముందు భాగంలో మాత్రమే కొద్దిగా తప్పుతోంది. దీంతో ఆపవచ్చా? ఎపాక్సీ, చలి సంగతి కూడా దయచేసి చెప్పండి.

జవాబు (విశాఖపట్నం నుంచి)

ఆ 3 మిల్లీమీటర్లతో ధైర్యంగా ముందుకు వెళ్లవచ్చు. కాకపోతే కొయ్య నిలిపే చోటును, పలక దిగే పెట్టెను, చుక్కాని కీళ్లను పడవ అంచుల నుంచి కొలవవద్దు. పెద్దాయన చెప్పిన దారం నుంచే కొలువు. అప్పుడు మిగిలిన కాస్త మెలి ఆ మూడింటికీ అంటదు.

చలి సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. 8 డిగ్రీల దగ్గర మామూలు ఎపాక్సీ సరిగా గట్టిపడదు, రోజుల తరబడి జిగటగానే ఉండిపోతుంది. చలికాలానికి తయారుచేసే వేగపు హార్డెనర్ తీసుకో. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ పాలు మాత్రం పెంచవద్దు. మిగిలిపోయిన హార్డెనర్ కీలును మెత్తగా చేస్తుంది. డబ్బా మీద బరువు పాళ్లు, కొలత పాళ్లు వేరువేరుగా ఇస్తారు, రెండింటినీ కలగలపకుండా చూసుకో. కలిపే ముందు డబ్బాలను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే రెసిన్ పలచబడి చెక్కలోకి బాగా ఇంకుతుంది. పడవ చుట్టూ ప్లాస్టిక్ పరదాలు కట్టి లోపల విద్యుత్ హీటర్ పెట్టు. గ్యాసు, కిరోసిన్ హీటర్లు వద్దు. అవి మండేటప్పుడు వచ్చే నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వల్ల ఎపాక్సీ మీద మైనం లాంటి పొర ఏర్పడుతుంది. చలిలో ఆ పొర ఎలాగూ ఎక్కువే. తర్వాతి పూతకు ముందు దాన్ని మంచినీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి, ఆరాకే ఉప్పుకాగితం పట్టాలి. కడగకుండా ఉప్పుకాగితం పడితే ఆ పొర చెక్క గరుకులోకి దిగి తర్వాతి పూతను అంటనివ్వదు.

మాకు ఇక్కడ దీనికి పూర్తిగా ఎదురు. వేసవిలో కప్పులో కలిపిన ఎపాక్సీ కాసేపటికే వేడెక్కి పొగలు కక్కుతుంది. అందుకని కొద్దికొద్దిగా కలిపి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసి పలచగా పరుస్తాం. పూతలు సాయంత్రం, చెక్క చల్లబడుతున్నప్పుడు వేస్తాం. పొద్దున చెక్క వేడెక్కుతుంటే అందులోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. ఈ చివరి మాట మీ షెడ్డుకూ వర్తిస్తుంది. పూత వేశాక హీటరు వేడి పెరగకూడదు.

మరో సందేహం (రాజమహేంద్రవరం నుంచి)

నేను వచ్చే ఏడు ఇలాంటి పడవే ఇక్కడ కట్టాలనుకుంటున్నాను. మన ఊళ్లలో దొరికే ప్లైవుడ్ పనికి వస్తుందా అండి?

జవాబు (విశాఖపట్నం నుంచి)

ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అయితేనే తీసుకోండి. వంటగది అల్మరాలకు వాడే ఐఎస్ 303 రకం పడవకు సరిపోదు. ముద్ర చూసి కూడా ఊరుకోవద్దు. కోసిన అంచును వెలుతురులో పరిశీలించండి, పొరల మధ్య ఖాళీలుంటే ఆ షీటు పక్కన పెట్టండి. ఒక చిన్న ముక్క తీసుకుని కొన్ని గంటలు ఉడకబెట్టి, ఎండబెట్టి, మళ్లీ ఉడకబెట్టి చూడండి. ఆ ప్రమాణంలో పరీక్షే 72 గంటల ఉడకబెట్టడం, కాబట్టి మంచి సరుకు మీ పరీక్షకు పొరలు విడవదు.

బరువు గురించి ముందే ఆలోచించండి. ఐరోపాలో పడవలకు వాడే ఒకూమే అనే కర్రతో చేసిన ప్లైవుడ్ చాలా తేలిక. మన మెరైన్ ప్లైవుడ్ గట్టి కర్రతో చేసేది. 8 అడుగులకు 4 అడుగుల షీటు 5 మిల్లీమీటర్ల ఒకూమే అయితే సుమారు 7 కిలోలే ఉంటుంది, మన 6 మిల్లీమీటర్లది 12 కిలోల పైమాటే. ఒట్టి మిర్రర్ పడవ బరువే 45.5 కిలోలు. కాబట్టి మీ పడవ బరువు బాగా పెరుగుతుంది. పోటీలకు కాకుండా గోదావరిలో పిల్లలతో సరదాగా తిరగడానికైతే ఇబ్బంది లేదు, ఒడ్డుకు లాగడానికి ఇద్దరు కావాలంతే. 4 మిల్లీమీటర్ల షీటుతో బరువు తగ్గించాలని అనిపిస్తుంది, అడుగు పలకలకు మాత్రం అది వద్దు. కుట్టే ముందే ప్రతి పలక అంచుకూ, ప్రతి రంధ్రానికీ ఎపాక్సీ పట్టించండి. కుట్టాక ఆ చోట్లకు కుంచె వెళ్లదు.